ఫోన్‌లో మోగిన ఒంటి గంట

దయ్యాల ముచ్చట్లు నా దగ్గరికి ఎవరూ తేవద్దు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బొగ్గు గని చీకట్లోనే గడిపాను. అక్కడ ప్రతివాడికీ ఏదో ఒకటి కనిపించేది. నాకు మాత్రం పని ఎగ్గొట్టే మనుషులే కనిపించారు. అందుకే ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నమ్మకపోతే నాకు నష్టం లేదు.

మాది నస్పూర్. గనిలో హాలేజీ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. అంటే బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం నడిపేవాణ్ణి. కింద పనిచేసే మనుషులు మాకు కనిపించరు. వాళ్లు కొట్టే గంటే మాకు ఆజ్ఞ. టబ్బులు నడుస్తుండగా ఒక్క గంట పడితే చెయ్యి ఆగిపోవాలి. ఎందుకని ఆపాకే అడగాలి.

పింఛను తీసుకునేవాళ్లం ఏటా బతికే ఉన్నామని రుజువు చూపించాలి. పోయిన చలికాలం అందుకే బ్యాంకుకు పోతే, నా వేలిముద్ర యంత్రంలో పడలేదు. ఇనుప తాడు, గ్రీజు, బొగ్గు కలిసి నా వేళ్లను ఎప్పుడో నున్నగా చేశాయి. కౌంటర్ వెనకున్న ఉద్యోగి అందరి ముందూ, "పెద్దాయనా, జర చేతులు కడుక్కొని రారాదూ" అన్నాడు. కడుక్కున్న చేతులే అవి. వెనక వరసలో ఎవరో నవ్వారు కూడా. ఇంకోసారి ఆ మెట్లెక్కేది లేదని ఇంటికొచ్చేశాను.

ఆ పంతమే నన్ను దొంగకు పట్టిచ్చింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఫోన్ మోగింది. బ్యాంకు హెడ్డాఫీసట. వార్తలు చదివేవాళ్ల తెలుగు. "మీ వేలిముద్ర పడలేదు కదండీ, పింఛను ఆగిపోతుంది. మీరు శ్రమపడి రానక్కర్లేదు సార్, కార్డుతో ఇంటి నుంచే చేసేద్దాం."

వేలిముద్ర సంగతి వాడికెలా తెలిసిందంటారా? అందులో వింతేమీ లేదు. గని పని చేసినవాళ్లలో చాలామందివి పడవు. వాడు గుడ్డిగా రాయి విసిరాడు, నాకు తగిలింది.

ఖాతాలో ఉన్నది నా భార్య రాజవ్వ మోకాళ్ల ఆపరేషన్ డబ్బు. కరీంనగర్ ఆసుపత్రిలో తేదీ కూడా ఖాయమైంది. ఆమె గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేయలేకపోయేది. ఆ పూట మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది.

"ఎవరయ్యా గాడు, గంత తియ్యగ మాట్లాడుతుండు?" అని అడిగింది.

"బ్యాంకోళ్లు. నువ్వు జర ఊకో."

"బ్యాంకోళ్లు నీతోని గింత మర్యాదగ ఎన్నడు మాట్లాడిండ్రు?"

ఆ మాట వినాల్సింది. వినలేదు. కార్డు మీది అంకెలు చెప్పాను. వెనక ఉన్న మూడంకెలూ చెప్పాను. ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. అందులో మొదటి రెండు అంకెలు చదివాను.

అప్పుడు గంట పడింది. ఒక్కటే.

పూజ గంట కాదు, బడి గంట కాదు. గనిలో మోగే ఉక్కు గంట. చెవి పక్కనే కొట్టినట్టు. నా నోరు దానంతటదే ఆగిపోయింది. రాజవ్వ తలెత్తి, ఎందుకు ఆగానా అన్నట్టు చూసింది. ఆమెకు ఏమీ వినిపించలేదు.

అవతల వాడి గొంతు మారింది. "సార్... ఆ గంటేంటి? ఎవరు కొట్టారు?" ఆ ధీమా, ఆ వార్తల తెలుగు ఏమైపోయాయో. నేను జవాబు చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు.

ఆపాను కదా, ఇక అడగడం మొదలుపెట్టాను. ఓటీపీ మెసేజీ పూర్తిగా చదివితే, దీన్ని ఎవరికీ చెప్పవద్దని అందులోనే రాసి ఉంది. ఆటో ఎక్కి బ్యాంకుకు పరుగెత్తాను. డబ్బు పోలేదు. కార్డు ఆపేశారు. ఆపింది మళ్లీ ఆ కౌంటర్ మనిషే.

"బ్యాంకోళ్లు ఫోన్ల కార్డు నంబర్ అడుగరు, వెనక మూడంకెలు అడుగరు, ఓటీపీ అసలే అడుగరు. గీ మాత్రం తెల్వదా పెద్దాయనా?"

"ఇప్పుడు తెలిసింది. చేతులు సుత కడుక్కొనే వచ్చిన" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. అవమానం చేసినవాళ్లకు ఏదీ గుర్తుండదు. అన్నీ మనమే మోయాలి.

నా ఫోన్‌లో ప్రతి కాల్ రికార్డవుతుంది. ఒక ఆఫీసరు తానన్న మాటను తానే అనలేదని బుకాయించినప్పటి నుంచి పెట్టుకున్న ఏర్పాటు. ఇంటికొచ్చి వినిపించాను. నేను రెండు అంకెలు చదవడం ఉంది. తర్వాత గంట లేదు. చప్పుడే లేదు. ఆ వెంటనే, "ఆ గంటేంటి? ఎవరు కొట్టారు?" అని వాడి గొంతు స్పష్టంగా ఉంది.

రాజవ్వ మళ్లీ మళ్లీ పెట్టించుకుని వింది. గనిలో నాకు సిగ్నల్ గంట కొట్టి, చాన్నాళ్ల కింద చనిపోయిన పోశాన్ని తలుచుకుంది. "పోశమన్న కొట్టిండేమోనయ్యా."

"బతికున్నప్పుడే గంట ఇడిసిపెట్టి చాయ్‌కి పోయేటోడు. సచ్చినంక డ్యూటీ చేస్తడా?"

ఆమె నవ్వింది. తర్వాత ఆ ఫోన్‌ను తన దిండు పక్కన పెట్టనివ్వలేదు.

ఫిర్యాదు చేయడానికి పోలీస్ స్టేషన్‌కు పోయి అక్కడా వినిపించాను. వాడు అలా అడగడం కూడా నాటకంలో భాగమే అయి ఉంటుందని తేల్చేశారు. దొరకబోయిన డబ్బును వదిలేసుకోవడం ఏం నాటకమో వాళ్లే చెప్పాలి. గంట నా భ్రమే అయితే వాడెందుకు అడిగాడు? నిజంగా మోగితే రికార్డులో ఎందుకు లేదు? ఇంత చిన్న ప్రశ్నకు చదువుకున్నవాళ్లెవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు.

రాజవ్వ ఆపరేషన్ అయింది. ఇప్పుడు గోడ పట్టుకోకుండా గుమ్మం దాకా వస్తోంది.

నేను మాత్రం ఆ నంబరుకు ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను. పని చేయడం లేదనే వస్తుంది. వాడి కోసం దాచుకున్న తిట్లు చాలా ఉన్నాయి. కానీ ఎత్తితే ముందు తిట్టను. గంట నీ వైపు మోగిందా, నా వైపు మోగిందా అని అడుగుతాను. దాన్ని విన్నవాళ్లం ఈ భూమ్మీద ఇద్దరమే. ఆ రెండోవాడు ఇలాంటి నీచుడు కావడం నా ఖర్మ.