నది అవతలి వాళ్ళు

కావన్ జిల్లాలో జరిగిన యుద్ధాల గురించీ, సముద్రం దాటి వచ్చి ఇక్కడి పొలాలు చేజిక్కించుకున్నవాళ్ళ గురించీ ఎవరైనా అడిగితే, అందరూ ఫింటన్ గాఫ్నీనే చూపిస్తారు. ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. ఇరవై ఏళ్ళుగా చలికాలం వచ్చిందంటే నెలకో గురువారం ఊరి హాల్లో ఉపన్యాసం. తారీఖులన్నీ కంఠతా వచ్చు. ఆయన నోరు విప్పాడంటే టీలు చల్లారిపోవలసిందే.

1921 గొడవల్లో నెస్బిట్ల ఇల్లు తగలబడిన కథ దగ్గర మాత్రం ఆ గొంతు తగ్గేది. "కాల్చింది మన ఊరివాళ్ళు కాదు, నది అవతలి నుంచి వచ్చారు" అని రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. సముద్రం దాటి వచ్చిన ఆ నెస్బిట్ల వంశంలో మిగిలింది ఆలివ్ ఒక్కతే. ఎనభై దాటిన ఆవిడ ముందు వరసలో కూర్చుని తలూపేది. తర్వాత తాను చేసి తెచ్చిన గుడ్డు శాండ్‌విచ్‌లు మొదట ఆయనకే పెట్టేది. అవి గొంతు దిగేవి కావు. ఎలా దిగుతాయి? ఆ రోజు కిరసనాయిలు డబ్బా మోసినవాడు ఫింటన్ కన్నతండ్రి! చావబోతూ కొడుకు చెయ్యి పట్టుకుని తనే చెప్పాడు.

ఆయన ఉపన్యాసాలన్నీ ఈ ఏడాది పుస్తకంగా వేస్తామన్నారు ఊరివాళ్ళు. ఆ అబద్ధాన్ని అచ్చులోకి ఎక్కించడానికి ఫింటన్‌కు మనసొప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆలివ్ వంటింట్లో కూర్చుని, టోపీ నలుపుతూ, మొత్తం కక్కేశాడు.

"నన్ను తిట్టక్కా. సిగ్గులేని వెధవని. నీ చేతి తిండి తింటూ ఇన్నేళ్ళూ..."

ఆలివ్ తిట్టలేదు. కెటిల్ పొయ్యి మీంచి దించింది.

"మీ నాన్న చేసినదానికి నువ్వేం చేస్తావయ్యా! అది వదిలెయ్. నది అవతల ఉన్నదెవరు?"

ఫింటన్‌కు అది అప్పుడే తట్టింది. అవతలి గట్టున ఉన్నది ఒక్కటే కొంప. ముప్ఫై ఏళ్ళు ఆ గుమ్మంలో ఉత్తరాలు ఇచ్చింది తానే.

"సోరహన్లు" అన్నాడు.

"నీ మాట నమ్మి ఇరవై ఏళ్ళు వాళ్ళు ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను. పోయిన నెల బ్రీజ్ సోరహన్ పోతే, వాళ్ళాయన చెయ్యి పట్టుకుని ఓ మాట అనడానికైనా వెళ్ళలేదు. ఊరంతా వెళ్ళింది. మా నాన్న పోయినప్పుడు మూడు రోజులు మా ఆవులకు పాలు పితికిన మనిషయ్యా ఆమె!"

ఇక్కడ చావింటికి వెళ్ళకపోవడమంటే ఆ ఇంటితో తెగతెంపులేనని ఫింటన్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. తండ్రి తప్పు కప్పబోయి, దాన్ని తీసుకెళ్ళి ఏ పాపమూ ఎరగని ఇంటి మీద పెట్టాడు. తండ్రి కాల్చిన ఇంట్లోంచి మనుషులైనా ప్రాణాలతో బయటపడ్డారు. పోయిన బ్రీజ్‌కు ఇప్పుడీ నిజం ఎవరు చెబుతారు?

"పుస్తకంలో దిద్దేస్తానక్కా. గురువారం అందరి ముందూ చెప్పేస్తాను."

"గురువారం దాకా దేనికి?" ఆలివ్ కోటు తొడుక్కుంది. "బ్రీజ్ మొగుడు ఇంట్లోనే ఉంటాడు. లే, పద. నాకు అక్కడ నోరు పెగలదు. ఉపన్యాసాలు చెప్పేవాడివి నువ్వేగా."