ఎడమ చెయ్యి

కటింగ్ ప్రెస్సు పెద్దాయన పెడల్ మీద కాలు వేస్తే చాలు, కత్తికి దొరక్కుండా ఎడమ చెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోతుంది. ఇంట్లో కుట్టుమిషన్ తొక్కినా అంతే. "గుడ్డ నేను పట్టుకోవాలా?" అని పెళ్లాం నవ్వుతుంది. అందరికీ అన్ని పనులూ రావాలంటూ మేనేజరు ఆయన్ని ప్యాకింగుకు మార్చి, అక్కడున్న ఆయన బామ్మర్దిని ప్రెస్సు మీద పెట్టాడు. ప్యాకింగులో పెడల్ తొక్కితే బెల్టు ఆగుతుంది. ప్రెస్సులో రేకు ఇరుక్కోగానే బామ్మర్ది అలవాటుకొద్దీ, ఆపుదామని పెడల్ తొక్కాడు. కత్తి దిగింది. వేళ్లు తెగి నేల మీద పడ్డాయి.

కేక విని పరుగెత్తుకొచ్చిన పెద్దాయన, మేనేజరు మెడ రెండు చేతులా పట్టి కత్తి కింద కుక్కాడు.

"నువ్వూ నేర్చుకోరా ఈ పని!"

"వద్దు బాబాయ్, పిల్లలున్నారు!"

"వాడికి లేరట్రా?"

పెడల్ మీద కాలు వేశాడు. ఎడమ చెయ్యి వీపు వెనక్కి పోయింది. ఒంటిచేతి పట్టులోంచి మేనేజరు జారిపోయాడు. కత్తి ఖాళీ బల్ల మీద పడింది. పెద్దాయన ఆ చేతిని ముందుకు తెచ్చుకుని, ద్రోహిని చూసినట్టు చూసి, నెత్తురొచ్చేలా కొరికాడు.