మూడుసార్లు పెట్టిన పేరు

2022 చలికాలం. నార్త్ యార్క్‌లో సబ్‌వే స్టేషన్ పక్క బిల్డింగులో, నలుగురం పనిచేసే చిన్న ఆఫీసు మాది. పని జీనియాలజీ, అంటే అడిగినవారికి వాళ్ల వంశవృక్షం వెతికిపెట్టడం. నా వాటా క్యూబెక్ కుటుంబాలు. కాకినాడ పిల్లవి, ఫ్రెంచివాళ్ల తాతముత్తాతలతో నీకేం పనే అని ఆటపట్టించని స్నేహితురాలు లేదు. రెండేళ్లుగా పాత చర్చి రిజిస్టర్లు చదువుతున్నాను, ఇక నాకు తెలియనిదేముంది అనే పొగరు కూడా ఉండేది.

ఆ పొగరు దించింది జెన్వియేవ్ గారు. డెబ్బై దాటిన రిటైర్డ్ టీచరు. రెండున్నర శతాబ్దాల కిందట, క్యూబెక్ ఫ్రెంచి పాలనలో ఉన్న రోజుల్లో, అదే పేరుతో ఒకావిడ ఉండేదనీ, తామంతా ఆమె సంతతేననీ వాళ్లమ్మ చెప్పేదట.

"అది నిజమో కాదో తేల్చండి. ఈ పేరు నాదాకా ఎలా వచ్చిందో నాకు తెలియాలి" అన్నారు.

బాప్టిజం రికార్డు, అంటే పసిబిడ్డకు చర్చిలో పేరు పెట్టినప్పటి నమోదు, తేలిగ్గానే దొరికింది. మారీ జెన్వియేవ్. అప్పట్లో ఆడపిల్లలకి ముందు మారీ, మగపిల్లలకి జోసెఫ్ తగిలించడం మామూలే. పిలిచేది రెండో పేరుతో. ఆ తర్వాత పదకొండు నెలలకే బరియల్ రికార్డు, ఖననం నమోదు, కనిపించింది. పదకొండు నెలల పిల్లకి సంతతేమిటి?

మర్నాడే ఫోన్ చేశాను. "సారీ మేడమ్. ఆ పాప ఏడాది నిండకుండానే పోయింది. ఈ కుటుంబం మీది కాదు."

ఆవిడ మెల్లగా అడిగారు. "ఆ తర్వాతి పుట్టుకలు చూశారా?"

చూడలేదు. పోయిన పిల్లతో కథ అయిపోయిందనుకున్నాను. ఫోన్ పెట్టేసి పేజీలు తిప్పాను. రెండేళ్లకి అదే తల్లిదండ్రులకి ఇంకో ఆడపిల్ల. పేరు జెన్వియేవ్. ఆ పిల్లా పోయింది. మళ్లీ ఇంకొకతె. ఓరి దేవుడా, మళ్లీ అదే పేరు! ఈ మూడో పిల్ల బతికి పెళ్లి చేసుకుంది. జెన్వియేవ్ గారి వంశం ఆమెదే.

మా వైపు పిల్లలు దక్కకపోతే తర్వాతి బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెడతారు, చావు కళ్లు పడకుండా. పోయిన బిడ్డ పేరు ఎవరైనా పెడతారా? పెట్టరనుకోబట్టే నేను మొదటి ఖననం దగ్గరే ఆగిపోయాను.

ఆవిడ ఆఫీసుకి రాగానే తప్పు ఒప్పుకున్నాను. అంతటితో ఊరుకున్నానా! "అయినా ఏ తల్లికి మనసొప్పింది మేడమ్? పిలిచినప్పుడల్లా పోయిన బిడ్డ గుర్తుకురాదా?" అనేశాను.

"మా అమ్మకి ఒప్పింది" అన్నారావిడ. "మా అక్క పోయిన ఏడాదికి పుట్టాను. దాని పేరే నాకు పెట్టారు. అమ్మ పిలిచిన ప్రతిసారీ నన్నా, దాన్నా అనుకుంటూనే పెరిగాను. అడిగే ధైర్యం రాకముందే అమ్మ వెళ్లిపోయింది. నాకు కావలసింది పూర్వీకులు కాదు. అమ్మకి కావలసింది నేనా, మా అక్కా? అదీ నాకు తెలియాల్సింది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఏ రిజిస్టరులో ఉంటుంది దీనికి జవాబు? ఆవిడ మొహం చూడలేక ఆ మూడో జెన్వియేవ్ పిల్లల పేజీలు తీశాను. మొదటి కూతురికి తన పేరే పెట్టుకుంది. ఆ పిల్ల దక్కలేదు. తర్వాతి కూతురికి మళ్లీ అదే పేరు.

స్క్రీన్ ఆవిడవైపు తిప్పాను. "మేడమ్, పోయిన అక్కల పేరు జీవితమంతా మోసిన మనిషి ఈవిడ. అందులో ప్రేమ లేదని ఆమెకి అనిపించి ఉంటే, తన బిడ్డకి పెట్టేదా?"

ఆవిడ ఆ వరుస మీద వేలుపెట్టి రెండుసార్లు చదివారు. తర్వాత ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను.

అప్పటినుంచి ఖననం నమోదు చూసి ఏ ఫైలూ మూయను. తర్వాతి పదేళ్ల పుట్టుకలూ చదువుతాను. క్లయింటు అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న అని కూడా అనుకోను.

వంశవృక్షం చార్టు ప్రింటుకి వెళ్లే రోజు, మేం పంపిన నమూనా చూసి ఆవిడ ఫోన్ చేశారు. "అందులో అమ్మ కింద నా ఒక్క గడే ఉంది. ఇంకోటి గియ్యండి."

"ఏం పేరు రాయమంటారు మేడమ్?"

"జెన్వియేవ్. నాకంటే ముందు రాయండి. అది పెద్దది కదా."