పటంలో పక్కింటి పెద్దమ్మ

2007 జూన్‌లో నన్ను రేపల్లె దగ్గరి ఒక ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు లెక్కలు. బాపట్లలో కొద్ది రోజులు శిక్షణ పొందిన పాపానికి కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత కూడా నా నెత్తినే పడింది. తెనాలి నుంచి పాసింజరు బండిలో వెళ్లివచ్చేదాన్ని.

ల్యాబ్‌లో చెప్పులు బయట విడవాలి. ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురు సర్దుకోవాలి. కరెంటు పోతే యూపీఎస్ కూత ఆగేలోపు చేసిన పని సేవ్ చేసుకోవాలి. ఇంటర్నెట్‌లో మసలుకునే పద్ధతి కూడా పాఠంలో భాగమే: పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు, ముక్కూ మొహం తెలియనివారికి చిరునామా ఇవ్వకూడదు.

ఒకరోజు ఉపగ్రహ చిత్రాలతో చేసిన పటం తెరిచి చూపించాను. కృష్ణ సముద్రంలో కలిసేచోటు తెర మీదికి రాగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్లు తాగిన నాకే ఒళ్లు జలదరించింది. ఆ పటంలో ఎవరైనా ఒకచోట గుర్తు పెట్టి పేరు రాయవచ్చు. తొమ్మిదో తరగతి లావణ్య తన ఊరు వెతికి పట్టుకుంది. వారం తిరిగేసరికి వాళ్ల వీధి వీధంతా పేర్లతో నింపేసింది.

మా వైపు ఇళ్లకు వాడుక పేర్లుంటాయి. దారి అడిగితే కుంటాయన ఇల్లు దాటి, మేడోళ్ల ఇంటి పక్కన అంటారు. లావణ్య కూడా అలాగే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. వాళ్ల పక్కిల్లు ‘గొడ్రాలి ఇల్లు’.

ఆ పక్కింటావిడ అన్నకొడుకు గుంటూరులో చదువుతూ నెట్ సెంటర్‌లో అది చూసి ఫోన్ చేశాడట. మర్నాడే ఆవిడ బడికి వచ్చింది. అరవై దాటిన మనిషి. ఊళ్లో అంటే పడ్డాను, ఇక దేశమంతా చదవాలా టీచరుగారూ అని అడిగింది. ఆవిడను ల్యాబ్‌లోకి తీసుకెళ్లి లావణ్యను పిలిపించాను. ఆమె చేతి అన్నం తిని పెరిగిన లావణ్య, అందరూ అనేదే రాశానండి అంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

వెంటనే పటం తెరిచి ఆ గుర్తు తొలగించమన్నాను. అప్పటికే ఆవిడ తెర మీదికి వంగి, మసకగా కనబడుతున్న తన ఇంటి కప్పును కళ్లార్పకుండా చూస్తోంది.

“చెరపమాక అమ్మాయ్. ఇల్లుంది గదా, ఉండనీ. నా పేరు రాయి.”

లావణ్య వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

“నీ పేరేంటి పెద్దమ్మా?”

“రత్నమాణిక్యం.”

కూడబలుక్కుంటూ ఒక్కో అక్షరమే కొట్టింది లావణ్య. అంత పెద్ద పటంలో ఆ పేరు వెలగడం చూసి చేతులు జోడించాలనిపించింది. నా సర్వీసులో అంతటి దృశ్యం మరొకటి చూడలేదు.

తర్వాత పిల్లలు గడప గడపకూ వెళ్లి, మీ ఇంటికి ఏ పేరు రాయమంటారని అడిగి, మిగతావన్నీ మార్చారు. ఆ ఏడాది నుంచి పదవీ విరమణ దాకా నా మొదటి పాఠం ఒక్కటే: నలుగురూ చూసేచోట ఒక మనిషి గురించి రాసే ముందు, ఆ మనిషిని అడగాలి.