నాయన ఉండగా తీసిన మీసం

మొన్న శనివారం పొద్దున కాఫీ కప్పు పట్టుకుని మేడ మెట్లెక్కుతుంటే బాత్‌రూమ్ తలుపు బార్లా తీసి ఉంది. లోపల అద్దం ముందు మా మేనల్లుడు చేతిలో ట్రిమ్మర్ పట్టుకుని, దాన్ని ఆన్ చేయకుండా, తన మొహాన్ని తానే ఎగాదిగా చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. వాడు మా చెల్లెలి కొడుకు, ఈ ఇంగ్లీషువాళ్ళ దేశంలోనే ఎం.ఎస్సీ. చదివి, నార్తాంప్టన్‌లో మా ఇంట్లోనే ఉంటూ ఎనిమిది నెలలుగా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వీసా గడువు దగ్గర పడుతోంది, సోమవారం ఇంటర్వ్యూ ఉంది. నన్ను చూడగానే, "మామా, గడ్డం మీసం ఉంచేదా, తీసేసేదా?" అని అడిగాడు. ఎంత చిన్న ప్రశ్న! దానికి నేను కాఫీ చల్లారిపోయేదాకా ఆ గుమ్మంలోనే నిలబడిపోయాను.

నా వయసువాళ్ళకు, అందులోనూ మా సీమవైపు పుట్టినవాళ్ళకు నా తంటా ఏమిటో ఈపాటికే అర్థమై ఉంటుంది. మా ఇళ్ళల్లో తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయడు. ఎందుకని ఎవరినీ అడిగింది లేదు, ఎవరూ విడమరిచి చెప్పిందీ లేదు. మీసం లేని మొగవాడు వీధిలో ఎదురైతే పెద్దవాళ్ళు గొంతు తగ్గించి, మీ నాయన ఎప్పుడు పోయాడు అని అడిగేవాళ్ళు, అంతే. మా నాయన ప్రొద్దుటూరు బస్సు డిపోలో టైర్లు మార్చే పని చేసేవాడు. చేతులకు ఎప్పుడూ నల్లటి మసి ఉండేది గానీ, ఆయన మీసం మాత్రం ఆదివారం ఆదివారం కొబ్బరినూనె రాసి దువ్వడంతో నిగనిగలాడేది. నాకు పదిహేడో ఏట పెదవి మీద నూనూగుగా రాగానే ఆయన నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసి, ముసిముసిగా నవ్వుకుంటూ డ్యూటీకి వెళ్ళిపోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

ఆ మీసంతోనే నేను ఈ దేశంలో దిగాను. ఇరవై నాలుగేళ్ళ కిందటి మాట. నన్ను పిలిపించుకున్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏడాది తిరక్కుండానే మూతపడింది. వర్క్ పర్మిట్ ఆ కంపెనీ పేరు మీదే ఉండడంతో, ఇంకో కంపెనీ నన్ను తీసుకోకపోతే పెట్టే బేడా సర్దుకోవడం తప్ప వేరే దారి లేదు. మా ఆవిడకు అప్పుడు ఐదో నెల, విమానం ఎక్కించడమా మానడమా అన్నది ఇంకో బెంగ. హౌన్స్‌లోలో మూడు గదుల ఇంట్లో మూడు కుటుంబాలం సర్దుకుని ఉండేవాళ్ళం. వంటింట్లో స్టవ్ దగ్గర ఎవరి వంతు ఎప్పుడన్నది కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకున్నాం. పక్కనే విమానాశ్రయం, విమానాలు నెత్తిమీదుగా దిగుతూ ఉండేవి. ఒక్కొక్కటీ దిగినప్పుడల్లా, వచ్చేవాళ్ళు వస్తున్నారు, మనం పోవాల్సి వస్తుందేమోనని నాకు గుండెలో గుబులు.

ఐదు వారాల్లో నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్ళాను. నాలుగూ బాగానే చేశాననుకున్నాను. నాలుగు చోట్ల నుంచీ ఒకే రకం ఉత్తరం వచ్చింది: మీరు మాకు ఎంతో నచ్చారు, కానీ మీకన్నా అనుభవం ఉన్నవారు దొరికారు. ఆ ఉత్తరాలను పోట్లాడడానికి కూడా వీల్లేకుండా రాస్తారు. నా తప్పు ఇదీ అని ఎవరైనా మొహం మీద చెబితే దిద్దుకోవచ్చు. ఇంత మర్యాదగా వద్దంటే ఏం చేస్తాం? అప్పుడే మా ఇంట్లో ఉండే భీమవరం ఆయన, మాకందరికన్నా పెద్దవాడు కాబట్టి అన్నయ్యా అని పిలిచేవాళ్ళం, ఆయన ఒక మధ్యాహ్నం పప్పు పోపు పెడుతూ పెడుతూ నా వైపు తిరిగి తీర్పు చెప్పేశాడు.

"నీ చదువుకేం లోటు లేదయ్యా, లోటల్లా ఆ మీసంతోనే. నువ్వు నవ్వినా సరే కొట్టడానికొచ్చినోడిలాగే ఉంటావు. తీసి పారెయ్, వాళ్ళే పిలిచి ఇస్తారు ఉద్యోగం!"

నేను నవ్వేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ట్యూబ్ అని పిలిచే భూగర్భ రైల్లో కూర్చుని మొగవాళ్ళ మొహాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో టై కట్టుకుని ఆఫీసులకు వెళ్ళేవాళ్ళ మొహాలు చాలావరకు నున్నగానే ఉండేవి. మీసమంటే ఏ రిటైరైన పెద్దమనిషికో ఉండేది. నేను చదివిన చదువు, రాసిన ప్రోగ్రాములు, మూడేళ్ళు హైదరాబాద్‌లో పడ్డ చాకిరీ అన్నీ ఒక ఎత్తు, ముక్కు కింద ఉన్న ఆ నాలుగు వెంట్రుకలు ఒక ఎత్తు అయిపోయాయి. మా ఆవిడతో ఈ మాట అంటే ఆమె చపాతీ వత్తడం ఆపి, "మామ బతికుండంగా మీసం తీస్తారా ఎవురైనా?" అని, తన కడుపు వైపు చూసుకుని, మళ్ళీ చపాతీ వత్తడం మొదలుపెట్టింది.

ఐదో ఇంటర్వ్యూ ఈ నార్తాంప్టన్‌లోనే. ఆ రోజు పొద్దున తీసేశాను. రేజర్ రెండుసార్లు నడిచిందో లేదో, పదేళ్ళ మీసం సింకులో పడింది. పై పెదవి తెల్లగా, కొత్తగా, ఎవరిదో తెచ్చి అంటించినట్టు ఉంది. రైల్లో దారి పొడవునా చేత్తో మూతి కప్పుకుని కూర్చున్నాను. తీరా ఆఫీసుకు వెళ్ళి గదిలోకి అడుగుపెడితే, బల్లకు అవతల కూర్చున్న పెద్దాయనకు ఇంత గుబురు మీసం! కొసలు పైకి తిప్పి మరీ ఉన్నాయి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన అడిగిన ప్రశ్నలు సగం ఆయన మీసాన్ని చూస్తూనే విన్నాను. అయినా వారం తిరగకుండా ఉద్యోగం వచ్చింది. భీమవరం అన్నయ్య ఇల్లంతా వినబడేలా, నేను చెప్పలేదూ అన్నాడు. కాదనడానికి నా దగ్గర ఏముంది? అవుననడానికి మాత్రం ఏముంది?

కొత్త ఆఫీసు గుర్తింపు కార్డు మెడలో వేసుకుని దిగిన ఫోటో ఇంటికి పంపాం. అది చేరి ఉంటుందనుకున్న ఆదివారం ఫోన్ కార్డు గీకి నంబర్లన్నీ నొక్కి ఊపిరి బిగబట్టి కూర్చుంటే, అవతల నాయనే ఎత్తాడు. "ఏమిరా, నేనింకా బతికే ఉండా కదరా!" అని పెద్దగా నవ్వాడు. నేను ఏదో గొణుగుతుంటే, "పోనీలే, ఉద్యోగం వచ్చినాది కదా. మీసం యాడికి పోతాది, మళ్ళా మొలుస్తాదిలే" అన్నాడు. ఆ ఫోటోను అమ్మ గోడకు తగిలించలేదని, చూసినవాళ్ళు ఏమనుకుంటారోనని బీరువాలో చీరల అడుగున పెట్టిందని తర్వాత చెల్లెలు చెప్పింది. కొడుక్కి పరాయి దేశంలో ఉద్యోగం వచ్చిన ఫోటోను దాచుకోవాల్సి రావడం ఆమెకు ఎలా ఉండిందో నేను అడగలేదు.

మళ్ళీ పెంచేద్దామనే అనుకున్నాను. ప్రొబేషన్ ఆరు నెలలూ గడవనీ అనుకున్నాను. అది అయ్యేసరికి బాబు పుట్టాడు. తర్వాత పర్మిట్ పొడిగింపుకు కొత్త ఫోటోలు దిగాల్సి వచ్చింది, తర్వాత ఆఫీసులో కొందరిని తీసేస్తారని పుకారు వచ్చింది. ఏ నెలకా నెల, అచ్చొచ్చిన మొహాన్ని ఇప్పుడు కదిలించడం ఎందుకులే అనిపించేది. రెండో ఏడు ఊరికి వెళ్ళేముందు మూడు వారాలు గడ్డం గీసుకోకుండా ఆగి, పలచగా మొలిచిన దానితో నాయన ముందు నిలబడ్డాను. ఆయన మనవణ్ణి ఎత్తుకుని నా వైపు చూసి, "మొలుస్తాండాదిలే" అన్నాడు. తిరిగొచ్చిన సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు అది కూడా గీసేశాను. ఆ సంగతి నాయనకు చెప్పలేదు, ఆయనా ఫోన్లో అడగలేదు.

నాలుగో ఏడు, నేను ఆఫీసులో మీటింగులో ఉండగా కబురు వచ్చింది. నాయన పొద్దున డ్యూటీకి తయారై, చొక్కా గుండీలు పెట్టుకుంటూ కుప్పకూలిపోయాడట.

పదో రోజు పెన్న ఒడ్డున మా సొంత అన్నను, నన్ను పక్కపక్కన కూర్చోబెట్టారు. మంగలి ముందు అన్నకు గుండు గీసి, తర్వాత మీసం తీశాడు. ఆ మీసం తడి ఇసుకలో పడడం చూసి మా మేనత్త గొల్లుమంది. తర్వాత నా వంతు. తల గీయడం అయిపోయింది. అతను బొటనవేలు నీళ్ళలో ముంచి నా పై పెదవి తడిపి, కత్తి తిప్పి పట్టుకుని, ఆగిపోయాడు. "ఏముంది సామీ, ఈడ తీసేదానికి?" అన్నాడు మెల్లగా. అతని గొంతులో ఎగతాళి లేదు, జాలే ఉంది. ఊరికే ఉంటే బాగుండదని కాబోలు, ఉత్త పెదవి మీద ఒకసారి కత్తి ఆనించి తీశాడు. నాయనకు ఇవ్వాల్సింది ఏదో నేను ముందే ఇంకెక్కడో ఇచ్చేసి, ఒట్టి చేతులతో వచ్చి కూర్చున్నట్టయింది. ఆయన పోయినందుకు వచ్చిన ఏడుపు వేరు, అప్పుడు వచ్చిన ఏడుపు వేరు. అందరూ నన్ను ఓదార్చారు. దేనికి ఏడుస్తున్నానో ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

సంవత్సరీకం పెట్టాక మీసం పెంచాను. వద్దనడానికి, తీయకూడదనడానికి ఎవరూ మిగల్లేదు. ఆ మీసంతోనే ఆఫీసులో పై పోస్టుకు ఇంటర్వ్యూకు వెళ్ళాను, రాలేదు. అదే ఉత్తరం, నాకన్నా అనుభవం ఉన్నవారు దొరికారని. మా గుబురు మీసాల మేనేజరు రిటైరయ్యే రోజు పార్టీలో ధైర్యం చేసి, ఇన్నేళ్ళుగా నన్ను తొలుస్తున్నది అడిగేశాను, ఇంటర్వ్యూలో మనిషి రూపం చూస్తారా అని. అబ్బే, అది ఎప్పుడూ చూడలేదు, పని వచ్చా రాదా అన్నదే చూశాను అన్నాడు. గ్లాసులోంచి ఒక గుక్క తాగి, అయినా నువ్వు ఆ రోజు చాలా నీటుగా వచ్చావు సుమా అని భుజం తట్టాడు. అంతే, నా విచారణ అక్కడితో ముగిసింది. తీసినందుకు వచ్చిందో, తీయకపోయినా వచ్చేదో ఈ జన్మకు నాకు తెలియదు.

ఇప్పుడు మా ఆఫీసులో కుర్రవాళ్ళందరికీ గడ్డాలే, డైరెక్టరుతో సహా. ఇక్కడే పుట్టిన మా అబ్బాయి గడ్డం పెంచి దానికి నూనె రాసుకుంటాడు. మీసానికీ తండ్రికీ ఏమిటి సంబంధమని అడిగితే వాడికి తెలియదు, నేను చెప్పలేదు. కాలం ఇంత మారినా ఈ మేనల్లుడు అద్దం ముందు అదే భయంతో నిలబడి ఉన్నాడు కదా అనిపించి, చల్లారిన కాఫీ పక్కన పెట్టి, మీ నాయన ఏమంటాడో అడిగావా అన్నాను.

"ఇప్పుడే మాట్లాడినా మామా. ఆయనే తీసెయ్యమన్నాడు."

పోనీ ఇంటర్వ్యూ చేసేది ఎవరని అడిగితే, ఎవరూ ఉండరట. కంప్యూటర్ తెర మీద ప్రశ్న కనబడుతుంది, దానికి ఎదురుగా కూర్చుని జవాబు చెబితే రికార్డు అవుతుంది, దాన్ని మనిషి చూస్తాడో యంత్రమే చూస్తుందో వాడికీ తెలియదు. నాకైతే కనీసం బల్లకు అవతల ఒక మీసాలాయన ఉండేవాడు. ట్రిమ్మర్ గుర్రుమంది. నేను గుమ్మంలోనే నిలబడి చూస్తూ ఉన్నాను. అంతా అయ్యాక వాడు మొహం కడుక్కుని నా వైపు తిరిగి, ఎట్లుండా మామా అన్నాడు. ఆ నున్నటి పెదవి చూస్తూనే, బాగుండావురా అన్నాను.

వాడు కిందికి దిగిపోగానే, పనేమీ లేకపోయినా, ప్రొద్దుటూరులో ఉన్న మా బావకు, అంటే వాడి నాయనకు, ఫోన్ కలిపాను. మూడు నాలుగుసార్లు మోగింది. "ఏం బావా, అందరూ బాగుండారా?" అని ఆయన గొంతు వినబడేదాకా నా చెయ్యి నా మీసం మీదే ఉంది.