తప్పెట ఆయనది, మోత నా పెట్టెది

ఈరోజు ఎమ్మిగనూరు కచేరీలో తప్పు చేశాను. తప్పెట కొట్టే అన్నను పిలిచి, అందరి ముందూ ఊరకే నిలబెట్టాను.

నేను ఆదోనిలో ఉంటాను, పాటలు పాడతాను. కాలి దగ్గర లూపర్ అనే చిన్న పెట్టె పెట్టుకుంటాను. ఒకసారి నొక్కితే అప్పుడు మోగుతున్నదాన్ని పట్టుకుంటుంది. మళ్ళీ నొక్కితే దాన్నే తిప్పి తిప్పి వినిపిస్తుంది. దాని మీద గొంతు, ఆ పైన చప్పట్లు పేర్చుకుంటూ పోతే ఒక్కడినే పదిమందిలా వినిపిస్తాను. ఈ పని నాకు బాగా వచ్చు. అందులో సందేహం లేదు.

ఆ అన్న ఊరు పెద్దకడుబూరు. వేదిక పక్కన గడ్డిమంట వేసి తప్పెట కాచుకుని వచ్చాడు. వేడికి చర్మం బిగుసుకుంటేనే మోత. మొదటి పాటకు ఆయన వేసిన దరువును పెట్టెలోకి పట్టాను. ఎంత బాగా కుదిరిందంటే, పాడుతూనే ఇక చాలని ఆయనకు చెయ్యి చూపించాను. తర్వాతి రెండు పాటలకూ ఆ ముక్కనే తిప్పాను.

ఆయన్ను చూడాలని ట్రాక్టర్‌లో వచ్చిన ఆయన ఊరివాళ్ళు ముందు వరుసలోనే కూర్చున్నారు. పాట ఆగగానే వాళ్ళ పక్కనున్న ఎవరో ఇద్దరు అనుకోవడం వినిపించింది.

"ఆయప్ప కొట్టల్యా, మోత యాడిదప్పా?"

"పెట్టెలోది. తప్పెట ఊరికే తగిలించుకోనుండాడు, పెండ్లికొడుకు దండ మాదిరి."

అందరూ నవ్వారు. ఆ ఊరివాళ్ళు తలలు వంచుకున్నారు. ఆ దరువు ఆయన చేతులదే. కానీ దాన్ని నేను పట్టుకున్న క్షణాన్ని జనం చూడలేదు. నేను చూపించలేదు. చూడనివాళ్ళకు అది క్యాసెట్టే. ఆయన వేషగాడు.

"అన్నా, తప్పు నాది. ఇప్పుడు నువ్వు కొట్టాల" అన్నాను.

"ఎట్ల కొట్టేదప్పా? సల్లబడింది. నీ పెట్టెనే అడుగు, అది కాక మీదుండాది."

లూపర్ ఆపేశాను. ఇంతసేపూ విన్నది ఈయన చేతి దరువేనని, మధ్యలో ఈయన్ను ఆపింది నేనేనని మైకులో చెప్పాను. కిందికి దిగి మంట రాజేసి ఆయన తప్పెటను సెగకు పట్టుకున్నాను.

"కాలుస్తావా ఏంది సామీ! దూరం పట్టు!" అని అరిచాడు. ఈసారి నవ్వు నా మీద.

పైకి వచ్చాక లూపర్‌ను ఆయన కాలి ముందు పెట్టి, ఎప్పుడు నొక్కాలో అందరికీ వినపడేలా చెప్పాను. ఆయన ఒక దరువు పట్టించి, అది తిరుగుతుంటే దానికి ఎదురు దరువు వేశాడు. ట్రాక్టర్‌లో వచ్చినవాళ్ళు లేచి ఈలలు వేశారు. నేను పక్కకు జరిగి, ఆయన వేగానికి నా పాట కలిపాను.