ఇరవై ఒక్క రోజుల పథ్యం

మా చిన్నప్పుడు... పొద్దున లేవగానే అమ్మ సున్నంలో వేలు ముంచి గోడ మీద ఒక బొట్టు పెట్టేది. రోజుకొకటి. మా అన్న జ్వరానికి అదే లెక్క.

పూతలపట్టు దగ్గర మా పల్లె. రెండో ప్రపంచ యుద్ధం రోజులు... పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. చిత్తూరు నుంచి డాక్టరుగారు ఆ బస్సులోనే వచ్చి, రోడ్డు మీద దిగి, గట్ల వెంబడి నడిచి వచ్చేవారు.

అన్నకు పన్నెండేళ్ళు, నాకు ఎనిమిది. టైఫాయిడ్ అన్నారు. డాక్టరుగారు మొదటిరోజే మా నాయనతో ఉన్నమాట చెప్పేశారు.

"దీనికి మందు లేదప్పా. ఇరవై ఒక్క దినాలు ఓర్చుకోవల్ల. పేగు పుండై ఉంటాది. బార్లీ నీళ్ళు, మజ్జిగ తేట... అంతే. జ్వరం దిగినా సరే, గట్టిది పెట్టొద్దు."

లంఖణం పరమౌషధం అని ఊరందరికీ చెప్పే మా అవ్వ, సొంత మనవడి దగ్గరికి వచ్చేసరికి తట్టుకోలేకపోయింది. అన్న రోజూ అదే అడిగేవాడు... "అవ్వా, రవ్వంత సంగటి పెట్టవా." అవ్వ నోట్లో కొంగు కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది.

పంతొమ్మిదో బొట్టు నాడు అన్న ఒళ్ళు చల్లబడింది. గోడకానుకుని కూర్చున్నాడు, నన్ను వెక్కిరించాడు కూడా. అమ్మ బావికి పోయింది. అవ్వ నిమ్మకాయంత సంగటి ముద్ద చేసి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడిలో అద్ది అన్న నోట్లో పెట్టింది. ఒకటి కాదు... మూడు.

"మీయమ్మకు సెప్పబాకమ్మే" అంది నాతో. నేను చెప్పలేదు. అన్న అంత ఇష్టంగా తింటుంటే నాకూ సంతోషంగానే ఉంది.

తెల్లారేసరికి అన్న కడుపు బిగిసిపోయింది. నాయన సైకిలెక్కి వెళ్ళి డాక్టరుగారిని తీసుకొచ్చాడు. ఆయన కడుపు మీద చెయ్యి వేసి చూసి, "ఏం పెట్టినారమ్మా?" అని మెల్లగా అడిగారు. నేను అవ్వ వెనక్కి జరిగాను. ఆయన మళ్ళీ అడగలేదు. అన్న చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నారు. చివరికి అవ్వే చెప్పింది.

"నేనే సామీ... సంగటి పెట్టినా. బిడ్డ ఆకలంటా ఉంటే సూడలేకపోతిని."

నాయన అవ్వ మీదికి లేచాడు. డాక్టరుగారు ఆపారు. "పంతొమ్మిది దినాలు ఓర్చుకునిందప్పా ఆయమ్మ. నువ్వు కూర్చో."

మద్రాసుకు తీసుకుపోదామా అని నాయన అడిగితే తల అడ్డంగా ఊపారు. పేగుకు చిల్లి పడింది, ఇక చేసేదేమీ లేదన్నారు. సాయంత్రం బస్సు వెళ్ళిపోయింది... ఆయన లేవలేదు. అన్న మూలిగినప్పుడల్లా, "ఉండాను నాయనా, ఈడనే ఉండాను" అనేవారు. దీపాలు పెట్టేవేళకు అన్న పోయాడు. అవ్వ మళ్ళీ జన్మలో సంగటి ముట్టలేదు.

మొన్న మోకాలి నొప్పికి ఆసుపత్రిలో టోకెను పట్టుకుని మూడు గంటలు కూర్చున్నాను. లోపలికి పోయి నోరు తెరిచేలోపే మందుల చీటీ చేతికొచ్చింది. మందు బాగానే పనిచేసింది, కాదనను. ఇప్పటి మందులు అప్పుడుంటే అన్న బతికేవాడు.

కానీ ఆ రోజు డాక్టరుగారు నావైపు తిరిగి ఇంకొక్కసారి అడిగి ఉంటే, నేనూ చూశానని ఆయనకైతే చెప్పేసేదాన్ని... అమ్మకు చెప్పలేదు, నాయనకు చెప్పలేదు. ఇది టైపు చేస్తున్న నా మనవరాలు కూడా ఇప్పుడే వింటోంది.

మందు లేకపోయినా మీ ఇంట్లో మంచం పక్కన కూర్చుండిపోయిన డాక్టరు ఎవరైనా ఉన్నారా... ఉంటే రాయండి. ఈ వయసులో నాకు తీరికే తీరిక, అన్నీ వింటాను.